సైకిల్ ట్యూబు కట్టుతో శ్రీశైలం నుంచి ఇంటిదాకా వచ్చాం. ఇప్పుడు ఉంచాలా, పీకాలా? (పైగా టకటక శబ్దం)

ఉప్పల్_వాసి
పోయిన ఆదివారం శ్రీశైలం నుంచి తిరిగొస్తున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. కారు 2011 మోడల్ పెట్రోల్, లక్షా పదివేలు తిరిగింది. డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే సాయంత్రం ఆరుంబావుకి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటేసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆపి చూస్తే రేడియేటర్ పైన ఉండే లావు గొట్టం రెండంగుళాల మేర నిలువునా చీలి, పచ్చనీళ్లు కక్కుతోంది.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, మళ్లీ పొద్దున ఆరుకే. పిల్లలు అప్పటికే "నాన్నా, పులి వస్తుందా" మొదలుపెట్టారు.

శ్రీశైలంలో కూరగాయలు దించి ఖాళీగా వెళ్తున్న టాటా ఏస్ ఆయన ఆపాడు. ముందు ఏమీ ముట్టుకోలేదు. "చల్లారనియ్యి సారూ" అని ముప్పావుగంట గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత సీటు కింది నుంచి పాత సైకిల్ ట్యూబు తీసి, వేలెడు వెడల్పు పట్టీగా కోశాడు. గొట్టాన్ని పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, ఆ పట్టీని సాగదీస్తూ, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా చీలికకి అటు జానెడు ఇటు జానెడు చుట్టాడు. దాని మీద బైండింగ్ వైరు నాలుగుచోట్ల కట్టి కటింగ్ ప్లేయర్‌తో మెలిపెట్టాడు. నీళ్లు కావాలన్నాడు. మా దగ్గర తాగే నీళ్లు రెండు లీటర్లే ఉన్నాయి. మిగతాది అమ్మ పాతాళగంగలో పట్టిన ఐదు లీటర్ల క్యాను. "తీర్థం ఇంజన్లో పోస్తావురా!" అని అమ్మ. "మల్లన్న దయతోనే పోతరమ్మా" అని ఆయన. పోశాం.

రేడియేటర్ మూత చివరిదాకా బిగించకుండా మొదటి గాడిలో వదిలేయమన్నాడు. ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెట్టమన్నాడు, యాభై దాటొద్దన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. 8:50కి గేటు దాటాం. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరాం, అందరం హీటర్‌లో ఉడికిపోయి.

ప్రశ్నలు రెండు. ఒకటి, సర్వీస్ సెంటర్ వాళ్లు (పేరు వద్దు) ఆ కట్టు చూసి నవ్వి, రేడియేటర్, రెండు గొట్టాలు, థర్మోస్టాట్, వాటర్ పంపు అన్నీ కలిపి 17,800 అన్నారు. మా మామయ్యేమో "బాగానే ఉందిగా, అలాగే తిప్పు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? రెండు, ఆ రోజు నుంచి బానెట్ లోపల టకటక అని ఒక శబ్దం. అది దేనికి?

ఆటోనగర్_పానా
కట్టు పీకేయండి. ఆ గొట్టం, అదే హోస్, ఒక్కటి కొత్తది వేయించండి. మిగతావి పోయాయని ఎవరైనా చూపిస్తేనే మార్చండి, చెప్తే కాదు. ఆ ఏస్ ఆయనకి మాత్రం దండం. శబ్దం గోతుల్లో వస్తోందా, ఇంజన్ స్పీడుతో పాటు పెరుగుతోందా?

ఉప్పల్_వాసి
గోతుల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద. ఇంజన్ రేజ్ చేస్తే రాదు.

పాతకారు_పిచ్చోడు
మీ మామయ్య మాటే రైటు గురూ. మా నాన్న అంబాసిడర్‌కి ట్యూబు కట్టుతో ఏడాదిన్నర తిరిగాం. ఆ కట్టు విప్పితే గొట్టం ఉండేది కాదు, కట్టే గొట్టం.

ఆటోనగర్_పానా
@పాతకారు_పిచ్చోడు అప్పటి బండ్లలో ఒత్తిడి తక్కువ, నడిచిపోయింది. ఇప్పటి కార్లలో మూత గట్టిగా బిగిస్తే లోపల సుమారు ఒక బార్ ప్రెషర్ నిలుస్తుంది. అందుకే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగకుండా 120 దాకా ఆగుతాయి. ఏస్ ఆయన మూత వదులుగా ఎందుకు పెట్టమన్నాడు? ఒత్తిడి లేకపోతే ట్యూబు పట్టీ ఆగుతుంది. దానికి బదులు నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి, అందుకే యాభై దాటొద్దన్నాడు. హీటర్ కూడా ఇంకో చిన్న రేడియేటర్ లాంటిదే, ఇంజన్ వేడిని లోపలికి లాగేస్తుంది. ఆయన చెప్పిన ప్రతి మాటకీ లెక్క ఉంది. మీ మామయ్య మాటకి లేదు. ఇప్పుడు మూత ఎలా ఉంది?

ఉప్పల్_వాసి
అయ్యో, ఇంటికి రాగానే గట్టిగా బిగించేశా.

ఆటోనగర్_పానా
వెంటనే బండి ఆపండి మహానుభావా. హోస్ వచ్చేదాకా బస్సెక్కండి.

కోడింగ్_కూలీ
గొట్టం చీలితే పసుపు వేస్తే సరిపోయేదిగా? మా ఊళ్లో అందరూ అదే చేస్తారు.

ఇండికా2004
పసుపు కాదు, కోడిగుడ్డు. తెల్లసొన వేడి నీళ్లలో ఉడికి, కారే చోటికెళ్లి అడ్డుపడుతుంది. నేను చేశా, పనిచేసింది.

బందరు_లడ్డూ
శ్రీశైలం నుంచి వస్తూ డిక్కీలో కోడిగుడ్లు ఎవడు పెట్టుకుంటాడయ్యా 😂 తీర్థం పోస్తేనే వాళ్లమ్మగారు ఊరుకోలేదు, ఇంక గుడ్డు కొడితే కారు దిగి నడిచి వచ్చేసేవారు.

ఆటోనగర్_పానా
పసుపు, గుడ్డు, మిరియాల పొడి అన్నీ రేడియేటర్ రేకులో సూది మొనంత చిల్లుకి. రెండంగుళాల చీలికలో బస్తా పసుపు పోసినా రోడ్డు పచ్చబడుతుంది, అంతే. పైగా ఆ ముద్ద చిల్లు ఏదో, హీటర్‌కి వెళ్లే సన్నగొట్టం ఏదో చూసుకోదు, రెండూ మూసేస్తుంది. గుడ్డు వేసిన బండ్లు నా షెడ్డుకి వచ్చాయి. మూత తీస్తే కుళ్లు వాసనకి మధ్యాహ్నం అన్నం సహించదు.

ఇండికా2004
సరే, వాసన వచ్చిన మాట నిజమే. కానీ ఆ రోజు ఇల్లు చేరా కదా.

మూలింటమ్మాయి
ఎవరైనా సరే వేడి మీద మూత తీయొద్దు. మా అన్నయ్య తీశాడు. నీళ్లు చిమ్మి ముంజేయంతా బొబ్బలు, మూడు వారాలు ఎడం చేత్తో అన్నం తిన్నాడు. ఏస్ ఆయన ముప్పావుగంట గట్టు మీద కూర్చోవడం చూశారా, నాకు అసలు రిపేరు అదే అనిపించింది.

డల్లాస్_దొర
ఇక్కడ ఇంటింటికీ ఒక బూడిద రంగు గుడ్డ టేపు చుట్ట ఉంటుంది. నాకు దారిలో జింక అడ్డం వచ్చి బంపర్ రెండు ముక్కలైంది. దబ్బనంతో కన్నాలు పెట్టి ప్లాస్టిక్ జిప్ టైలతో కుట్టేశా, ఆపరేషన్ కుట్లలాగా. రెండేళ్లు తిరిగింది. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "డాలర్లు సంపాదిస్తున్నావు, బంపర్ కుట్టుకుంటున్నావా" అంది.

బందరు_లడ్డూ
@డల్లాస్_దొర మాకు కూడా కుట్టే ఉంటుంది బాబాయ్, కాకపోతే ఇక్కడ జింక బదులు గేదె.

పాతకారు_పిచ్చోడు
మా నాన్నకి అంబాసిడర్ టాక్సీ ఉండేది. ఎండాకాలం రెంటచింతల వైపు కిరాయి అంటే ఆయన ముందు రాత్రే గోనెసంచి నీళ్లలో నానబెట్టేవాడు. చిన్నప్పుడు ఎందుకో అర్థమయ్యేది కాదు.

పాత బండ్లకి పెట్రోలు పంపు ఇంజన్ ఒంటికే బిగించి ఉండేది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఇంజన్ వేడి, బయట వేడి కలిసి పైపులో పెట్రోలు ఆవిరైపోయేది. పంపు పెట్రోలుని లాగుతుంది కానీ ఆవిరిని లాగలేదు కదా. బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. ప్యాసింజర్లు దిగి "పెట్రోలు పోయించలేదా?" అని గొడవ. నాన్న మాట్లాడకుండా బానెట్ ఎత్తి, తడి గోనెపట్ట ముక్క పంపు మీద వేసి, చెంబుతో బొట్టుబొట్టుగా నీళ్లు పోసేవాడు. సుయ్‌మని శబ్దం. బీడీ కాల్చుకుని (బండికి దూరంగా) వచ్చి సెల్ఫ్ కొడితే స్టార్టు. నాకు ఆ తడి గోనె, వేడి ఇనుము, పెట్రోలు కలిసిన వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. 2014లో అంబాసిడర్ తయారీ ఆపేశారని పేపర్లో వచ్చినప్పుడు నాన్న చదివి, పేపరు మడిచి పక్కన పెట్టేశాడు, ఏమీ అనలేదు.

గోదారి_గట్టు
@పాతకారు_పిచ్చోడు సబ్బు సంగతి రాయలేదేం? పెట్రోలు ట్యాంకు కారితే 501 బారు సబ్బు పొడిగా రుద్దేవాళ్లు.

పాతకారు_పిచ్చోడు
అవునవును. సబ్బు పెట్రోల్లో కరగదు. చిల్లులో కూరుకుని గట్టిపడుతుంది. మా టాక్సీ డిక్కీలో ఎప్పుడూ సగం బారు ఉండేది, బట్టలు ఉతకడానికి తీస్తే నాన్న అమ్మని కూడా కసిరేవాడు.

ఆటోనగర్_పానా
సబ్బు మంచి ఉపాయమే. జనం అక్కడ ఎంసీల్ (గట్టిపడే అతుకు ముద్ద) పెడతారు, నిలవదు. తడి మీద, జిడ్డు మీద అది పట్టదు. పెట్రోలు కారుతున్న చోట పొడి ఎక్కడి నుంచి వస్తుంది? ముందు సబ్బుతో ఆపు, చుట్టూ గరుకు కాగితంతో గీకు, అప్పుడు పైన ఎంసీల్. ఆ పని చేసేటప్పుడు చుట్టుపక్కల బీడీ, సెల్‌ఫోన్ లైటు పట్టుకుని చూసే పెద్దమనుషులు ఎవరూ ఉండకూడదు.

లక్ష్మి_ఎల్‌బోర్డు
మా ఆయన ఈ వేదికలో ఉన్నారో లేదో తెలీదు, ఉన్నా రాస్తా.

పాలకొల్లులో పెళ్లి చూసుకుని భీమవరం వస్తున్నాం, పాత ఓమ్నీ వ్యాను. సగం దూరంలో యాక్సిలరేటర్ వైరు తెగింది. తొక్కితే పెడల్ నేలకి అంటుకుని ఉండిపోయింది. ఓమ్నీకి ఇంజన్ ముందు సీట్ల కిందే కదా. మా ఆయన సీటెత్తి చూసి, కార్బురేటర్ దగ్గర లాగాల్సిన కొక్కెం కనిపెట్టారు. పెళ్లి పందిట్లోంచి అరటిగెలకి కట్టిన పురికొస తెచ్చుకున్నాం (గెల కూడా వ్యాన్లోనే ఉంది). అది కొక్కానికి కట్టి, తను వెనక సీట్లో కూర్చుని లాగుతానన్నారు. స్టీరింగ్ నాది. అప్పటికి లైసెన్స్ వచ్చి నాలుగు నెలలు.

"ఇంకొంచెం", "చాలు", "వద్దు వద్దు" అని నేను అరవడం, ఇంజన్ మోతకి ఆయనకి వినపడకపోవడం. అందుకని హారన్ భాష పెట్టుకున్నాం. ఒక హారన్ అంటే లాగు. రెండు అంటే వదులు. రెండు కిలోమీటర్లు అద్భుతంగా సాగింది. అప్పుడొచ్చింది గేదె. ఎదురుగా గేదె వస్తే మనిషి ఏం చేస్తాడు? నేనూ అదే చేశా, ఒక్క హారన్ కొట్టా. ఆయన బలంగా లాగారు.

గేదెకి ఏమీ కాలేదు. వ్యాను పంటబోదె గట్టు ఎక్కి ఆగింది. ఆయన "నువ్వు ఒక్కటే కొట్టావు" అంటారు, నేను "ఎదురుగా గేదె" అంటాను. పదకొండేళ్లయింది, తీర్పు రాలేదు.

బందరు_లడ్డూ
అక్కా 🙏🙏 నవ్వి నవ్వి టీ కీబోర్డు మీద పోసుకున్నా. కీబోర్డుకి సైకిల్ ట్యూబు కడితే పనిచేస్తుందా?

ఆటోనగర్_పానా
అమ్మా, ఇక ముందు అలా జరిగితే తాడు వద్దు. కార్బురేటర్ పక్కన ఐడిల్ స్క్రూ ఉంటుంది. రెండు చుట్లు బిగిస్తే ఇంజన్ దానంతటదే కాస్త ఎక్కువ స్పీడులో తిరుగుతుంది. రెండో గేర్లో వేసి వదిలితే నడక కంటే వేగంగా ఇంటికి వెళ్తుంది, కాళ్లు బ్రేకు, క్లచ్ మీదే ఉంటాయి. ఇప్పటి కార్లకి ఆ స్క్రూ లేదు, చాలావాటికి ఆ వైరే లేదు.

లక్ష్మి_ఎల్‌బోర్డు
ఈ మాట మా ఆయనకి చూపించా. "చూశావా, తప్పు నాది కాదు, స్క్రూది" అన్నారు.

గోదారి_గట్టు
క్లచ్ వైరు తెగినా నడపొచ్చు. రాజమండ్రి నుంచి కాకినాడ తీసుకొచ్చా. మొదటి గేర్లో పెట్టి అలాగే సెల్ఫ్ కొడితే కారు ఎగిరెగిరి కదులుతుంది. తర్వాత ఇంజన్ స్పీడు, బండి స్పీడు కుదిరినప్పుడు గేరు దానంతటదే జారి పడుతుంది, బలవంతం చేస్తే కీచుమంటుంది. కష్టమల్లా ఆగకూడదు. ఎక్కడా ఎర్ర సిగ్నల్ పడకూడదని దారిలో ఉన్న గుళ్లన్నిటికీ మొక్కా. కొత్తవాటిలో చాలావాటికి క్లచ్ తొక్కితే తప్ప సెల్ఫ్ తిరగదు, ఆ ముచ్చటా తీరింది.

అచ్చంపేట_అల్లుడు
మా వైపు వాన పడుతుంటే వైపర్ ఆగిపోతే బీడీ విప్పి ఆ పొగాకు తడిపి అద్దానికి రుద్దుతరు. నీళ్లు చుక్కలు చుక్కలుగా నిలబడకుండా పల్చగా జారిపోతయి. ఆలుగడ్డ సగానికి కోసి రుద్దినా అంతే.

బందరు_లడ్డూ
@అచ్చంపేట_అల్లుడు బంగాళాదుంప.

అచ్చంపేట_అల్లుడు
ఆలుగడ్డ.

బందరు_లడ్డూ
బంగాళాదుంప.

చావడి_కాపలా (నిర్వాహకులు)
దుంప అనుకోండి, ముందుకి నడవండి.

మూలింటమ్మాయి
పొగాకు అంటే గుర్తొచ్చింది, ఎలకలు వైర్లు కొరకకుండా మా మామగారు బానెట్‌లో పొగాకు కాడలు కట్టారు. ఎలకలు రావడం తగ్గింది. ఏసీ వేస్తే మాత్రం కారంతా చుట్ట వాసన, పక్కింటావిడ నన్ను అదోలా చూస్తుంది.

ఘాట్_హీరో
ఇవన్నీ చిన్నపిల్లల ఆటలు. మారేడుమిల్లి ఘాట్‌లో నాకు ముందు ఎడమ చక్రం బ్రేకు గొట్టం లీకైంది. గొట్టాన్ని మడతపెట్టి తీగతో నొక్కి కట్టేసి, మిగతా మూడు చక్రాల బ్రేకుతో దిగిపోయా. పాత లారీ డ్రైవర్లు ఇలాగే చేసేవాళ్లు. డేర్ ఉండాలి.

ఆటోనగర్_పానా
ఇలాంటివి చదివి ఎవరైనా కుర్రాడు చేస్తాడేమోనని రాస్తున్నా. ముందు చక్రాల్లో ఒకదానికి బ్రేకు లేకుండా గట్టిగా తొక్కితే బండి రెండోవైపుకి లాగేస్తుంది. ఘాట్‌లో రెండోవైపు అంటే లోయ. పైగా మడత పెట్టిన రబ్బరు గొట్టం లోపల చిట్లుతుంది, ఎప్పుడు వదులుతుందో తెలియదు. మూడు చక్రాలతో దిగావు సరే, అది నీ గొప్ప కాదు, ఎదురుగా బస్సు రాకపోవడం.

ఘాట్_హీరో
మరి ఏం చేయాలి అక్కడ? సిగ్నల్ లేదు, మనిషి లేడు. రాత్రంతా అడవిలో కూర్చోవాలా?

ఆటోనగర్_పానా
కూర్చోవాలి.

ఇండికా2004
నేను ఘాట్_హీరో పక్షమే కాస్త. అక్కడ పిల్లలుంటే కూర్చోలేం కదా. ఫస్ట్ గేర్లో, హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి పెట్టి నడిచినంత మెల్లగా దగ్గర్లో ఊరు దాకా వెళ్లొచ్చు.

మూలింటమ్మాయి
పిల్లలుంటే ఇంకా కూర్చోవాలి.

చావడి_కాపలా (నిర్వాహకులు)
బ్రేకు, స్టీరింగ్ మీద సొంత ప్రయోగాలు ఈ చర్చలో ఇక వద్దు. సిగ్నల్ ఉన్న జాతీయ రహదారి మీద అయితే 1033కి ఫోన్ చేయండి, క్రేన్ పంపుతారు. మిగతావి కొనసాగించండి.

కోడింగ్_కూలీ
నేను చేసిన వెధవపని చెప్తా, ఎవరూ చేయకండి. ఫ్యూజు పోయింది, స్పేర్ లేదు. సిగరెట్ పెట్టెలో వెండి కాగితం మడిచి పెట్టా. యూట్యూబులో చూశా. పనిచేసింది, హెడ్‌లైట్లు భలే వెలిగాయి. సూర్యాపేట దాటాక డ్యాష్‌బోర్డు కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన. ఆపి బ్యాటరీ వైరు పీకేసరికి ఫ్యూజు పెట్టె ఒక మూల పెరుగులా కరిగింది. వైరింగ్‌కి 22,000. అంతా ఒక సిగరెట్ పెట్టె కాగితానికి.

ఆటోనగర్_పానా
ఫ్యూజు పోవడమే దాని ఉద్యోగం. అది పోకుండా చేస్తే దాని బదులు వైరు పోతుంది, తర్వాత కారు. ఫ్యూజులు రంగుల్లో ఉంటాయి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. హెడ్‌లైటుది పోతే అదే రంగుది సిగరెట్ లైటర్‌దో, మ్యూజిక్ సిస్టమ్‌దో పీకి పెట్టుకోండి. రిలేలు (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చు డబ్బీలు) కూడా అంతే. పెట్రోల్ పంపు రిలే పోయి బండి ఆగిపోతే, చాలా కార్లలో హారన్ రిలే కూడా అదే సైజు, దాని మీద ఉన్న నంబరు కూడా అదే. అది తీసి ఇక్కడ పెడితే స్టార్టు. హారన్ మోగదు, అంతే.

లక్ష్మి_ఎల్‌బోర్డు
హారన్ లేకుండా నడపడం మా ఇంట్లో చాలా మంచిది.

తాడిపత్రి_తాత
నట్లు పోతే? చక్రం మారుస్తుండగా నాలుగు నట్లూ మురికి కాలవలో పడ్డాయి ఒకసారి. మిగతా మూడు చక్రాల నుంచి ఒక్కో నట్టు తీసి దీనికి మూడు బిగించి ఊరు చేరాను. ఈ ఉపాయం నాకు మేకలు కాసే పిల్లవాడు చెప్పాడు. నేను రిటైర్డ్ లెక్కల మాస్టర్ని.

బందరు_లడ్డూ
మాస్టారూ 😂

ఇండికా2004
సైలెన్సర్ విరిగితే పాలపొడి డబ్బా. అడుగు, మూత కోసి రేకు విప్పి చుట్టి, రెండు చివర్లా తీగ. మోత సగం తగ్గుతుంది. మొదటి పది కిలోమీటర్లు కాలిన పాల వాసన బోనస్.

కోడింగ్_కూలీ
ఇప్పటి కార్లకి ఇవేవీ కుదరవు గానీ, నాది ఆగినప్పుడు చేసింది ఒకటే. బ్యాటరీ నెగటివ్ వైరు పీకి పది నిమిషాలాగి మళ్లీ పెట్టా. స్టార్టయింది. మా ఆఫీసులో కూడా రోజూ ఇదే పని, జీతమిస్తారు.

ఆటోనగర్_పానా
నవ్వులాట కాదు, కొన్నిసార్లు పనిచేస్తుంది. కానీ ఏ లోపం వచ్చిందో కారు కంప్యూటర్ రాసుకున్నది కూడా చెరిగిపోతుంది. ముందు స్కానర్‌తో చదివించి, తర్వాత పీకండి. డ్యాష్‌బోర్డు కింద పెట్టుకునే బ్లూటూత్ స్కానర్లు చవకగానే దొరుకుతున్నాయి, నా మటుకు ఈ రోజుల్లో పసుపు కంటే అదే డిక్కీలో ఉండాలి.

పాతకారు_పిచ్చోడు
దాంతో పెట్రోలు ట్యాంకు చిల్లు మూసి చూపించు అన్నా.

గోదారి_గట్టు
ఉప్పల్_వాసి గారూ, టకటక సంగతి తేలిందా? నా పందెం రేడియేటర్ బ్రాకెట్ వదులు.

ఇండికా2004
నాది ఇంజన్ మౌంటింగ్.

తాడిపత్రి_తాత
బైండింగ్ వైరు కొస ఫ్యాన్ తొట్టికి తగులుతుంటుంది.

బందరు_లడ్డూ
తీర్థం. లోపల మల్లన్న గంట కొడుతున్నాడు.

ఉప్పల్_వాసి
అప్‌డేట్. నిన్న ఇంటి దగ్గర చిన్న షెడ్డుకి తోయించుకుని వెళ్లా. హోస్ 450, రెండు క్లిప్పులు, కొత్త కూలెంట్, కూలి, అన్నీ కలిపి 1,600. రేడియేటర్‌కి గాలి ప్రెషర్ పెట్టి చూశాడు, ఎక్కడా కారడం లేదు. థర్మోస్టాట్, పంపు బాగానే ఉన్నాయన్నాడు. కట్టు విప్పడానికే పావుగంట పట్టింది. మెకానిక్ ఆ ట్యూబు పట్టీని చేతిలో పట్టుకుని "ఎవరు కట్టారు సార్?" అని రెండుసార్లు అడిగాడు. పారేయలేదు, డిక్కీలో పెట్టా.

టకటక దొరికింది. బ్యాటరీ ట్రే వెనక సందులో కటింగ్ ప్లేయర్! పిడికి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. ఏస్ ఆయనది. చీకట్లో కట్టు బిగించి అక్కడ పెట్టి మర్చిపోయాడు. డబ్బులు తీసుకోలేదు, పైగా ఆయన ప్లేయర్ నేను ఎత్తుకొచ్చా.

ఆటోనగర్_పానా
ఎనిమిది రోజులు ఇనప ప్లేయర్ బ్యాటరీ పక్కన ఎగురుతూ తిరిగిందా? అది రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడి ఉంటే ఈ అప్‌డేట్ ఇంకోలా ఉండేది.

ఉప్పల్_వాసి
కాపాడింది తీర్థమే అంటోంది అమ్మ. ఆయన పేరు, ఫోన్ నంబరు ఏదీ అడగలేదు. అచ్చంపేట వైపు వాళ్లెవరైనా కనుక్కోగలరా? బండి వెనక "అమ్మ దీవెన" అని రాసుంది.

అచ్చంపేట_అల్లుడు
అన్నా, "అమ్మ దీవెన" అని మా మండలంలోనే నలభై బండ్లుంటయి. ఇంకేమన్న గుర్తు?

ఉప్పల్_వాసి
ఎడమవైపు అద్దం లేదు. దాని బదులు గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం తీగతో కట్టి ఉంది. పచ్చ ఫ్రేము.

అచ్చంపేట_అల్లుడు
ఓ, ఆయననా! మన్ననూరు చెక్‌పోస్టు కాడ టీ తాగుతడు రోజూ. మస్తు తెలుసు నాకు. ఒక మాట చెప్పు, ఆ ప్లేయర్ పిడికి ఎర్ర టేపు కింద నల్ల టేపు ఉందా?

ఉప్పల్_వాసి
ఉండండి, చూస్తా.

ఉప్పల్_వాసి
ఉంది. మీకెలా తెలుసు?

అచ్చంపేట_అల్లుడు
అది నాది. సంక్రాంతికి అడిగి తీస్కపోయిండు.